పిల్లల కోసం మా క్లబ్ ఏం చేస్తుంది, ఏం చేయదు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా క్లబ్ గురించి అడుగుతూ ఫోన్లు వస్తూనే ఉంటాయి, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఆపి అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో సాయం కావాల్సిన తల్లిదండ్రులు, సాయం చేద్దామనుకునేవాళ్లు, ఊళ్లలో పనిచేసే బడి సార్లు అందరూ ఉంటారు. అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాశాం. చదివాక కూడా అనుమానం మిగిలితే మొహమాటపడకండి, అడగండి.

ఇంతకీ మీరు లయన్స్ క్లబ్బా, రోటరీ క్లబ్బా?

రెండూ కాదు. నల్లగొండ వాళ్లం కలిసి పెట్టుకున్న క్లబ్ ఇది, సొసైటీగా రిజిస్టర్ అయింది. టీచర్లు, బట్టల షాపుల వాళ్లు, రైస్ మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, కొద్దిమంది డాక్టర్లు ఉన్నాం. ఆ పెద్ద క్లబ్బులను చూసి నేర్చుకున్నది మాత్రం చాలా ఉంది. 1925లో హెలెన్ కెల్లర్ తమ సభకు వచ్చి అడిగితే లయన్స్ వాళ్లు కంటిచూపు పనిని నెత్తికెత్తుకున్నారు, ఇప్పటికీ దించలేదు. రోటరీ వాళ్లు 1985 నుంచి పోలియో వెంట పడ్డారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది, 2014 మార్చిలో దేశానికి పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది. ఒక పనిని దశాబ్దాల తరబడి పట్టుకుని ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మేం పట్టుకున్న పని ఒక్కటే, పిల్ల బడి మానకుండా చూడటం. కళ్లద్దాలైనా, సైకిలైనా, స్కాలర్‌షిప్ కాగితమైనా అన్నీ దాని కోసమే.

ఇంకో తేడా ఉంది. వాళ్ల సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, కొత్త అధ్యక్షుడు, కార్యదర్శి అప్పుడు వస్తారు. మన దగ్గర బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి పిల్లలకు బ్యాగులు, జామెట్రీ బాక్సులు అందాల్సింది సరిగ్గా పాత కార్యవర్గం దిగిపోతూ కొత్తది ఇంకా కుర్చీలో కూర్చోని రోజుల్లో. అందుకే మాకు ఏప్రిల్ 1నే కొత్త కార్యవర్గం వస్తుంది, మే నెలాఖరుకు కొనుగోళ్లన్నీ అయిపోతాయి.

ఏయే ఊళ్లకు వస్తారు?

నల్లగొండ పట్టణం, చుట్టుపక్కల మండలాలు, ఆ తర్వాత మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి, దేవరకొండ, చందంపేట వైపు తండాలు. దూరమైన చోటికి కొత్తగా వెళ్లాలంటే ఆ ఊళ్లో కనీసం ఒక మనిషి మాకు తోడు దొరకాలి. బడి సారు కావచ్చు, అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, ఆశా అక్క కావచ్చు. ఒక రోజు కారులో వచ్చి పంచి వెళ్లిపోతే మర్నాడు ఆ పిల్ల సంగతి మాకు చెప్పేవాళ్లుండరు.

బడి తెరిచేటప్పుడు నోటుబుక్కులు ఇస్తారా?

అందరికీ ఇవ్వం. సర్కారు బడిలో పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం ప్రభుత్వమే ఇస్తుంది, అవి మళ్లీ మేం కొనడం వృథా. మేము ముందే హెచ్ఎం (హెడ్మాస్టర్) దగ్గర కూర్చుని ఏం వచ్చాయి, ఏం రాలేదు అని రాసుకుంటాం. సాధారణంగా తక్కువ పడేవి బ్యాగు, చెప్పులు, జామెట్రీ బాక్సు, పదో తరగతి వాళ్లకు ప్రశ్నల పుస్తకాలు. బ్యాగు విషయంలో మాకో పట్టుదల ఉంది. జిప్పు మంచిది ఉండాలి, బ్యాగు మీద మా క్లబ్ పేరు ఉండకూడదు. దాత పేరు వీపున మోసుకుంటూ ఏడాదంతా బడికి పోవడం ఏ పిల్లకైనా చిన్నతనంగా ఉంటుంది.

కంటి పరీక్షల క్యాంపు ఎలా జరుగుతుంది?

ఇది మా పనుల్లో పెద్దది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

మొదటి దశ బడిలోనే అవుతుంది. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల చార్టు పెట్టి ఒక్కో కన్ను మూసి చదివిస్తాం. చదవలేని చిన్నపిల్లలకు ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం కాళ్లు ఎటువైపు ఉన్నాయో వేలితో చూపించమంటాం, ఆటలా ఉంటుంది కాబట్టి వాళ్లు ఇష్టంగా చేస్తారు. ఇక్కడ మా వాలంటీర్లు ఒకటి గమనిస్తారు. కన్ను మూసుకోమంటే కొందరు పిల్లలు వేళ్ల సందుల్లోంచి చూస్తారు. అందుకని చెయ్యి బదులు అట్టముక్క ఇస్తాం. ఒక కంటికి చూపు తక్కువున్న పిల్లలు రెండో కంటితో నెట్టుకొస్తూ ఉంటారు, ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ పిల్లకు కూడా తెలియదు. అట్టముక్క పెట్టిన క్షణాన బయటపడుతుంది.

అనుమానం వచ్చిన వాళ్లను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. పిల్లలకు మిషన్‌తో చూసి వెంటనే నంబర్ రాసివ్వడం సరిపోదు, వాళ్ల కళ్లు తమంతట తాము సర్దుకుని తప్పు నంబర్ చూపిస్తాయి, అందుకే చుక్కలు వేసి చూస్తారు. చుక్కలు వేశాక కొన్ని గంటలు, మందును బట్టి ఇంకా ఎక్కువ సమయం, దగ్గరివి మసకగా కనిపిస్తాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పకపోతే ‘పిల్ల కళ్లు పాడుచేశారు’ అని కంగారుపడతారు. పరీక్షలున్న వారంలో ఈ క్యాంపు పెట్టమని ఎవరడిగినా పెట్టం.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. చిన్నప్పుడు ఒక కన్ను పని చేయడం తగ్గిస్తే, దాన్నే లేజీ ఐ అంటారు, ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే బాగుపడే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యమైనకొద్దీ కష్టం. అందుకే మేం హైస్కూల్ కంటే ముందు అంగన్‌వాడీ, ప్రైమరీ పిల్లల దగ్గరికి పోతాం. మెల్లకన్ను ఉంటే అదృష్టం అనే మాట ఇంకా ఊళ్లలో వినిపిస్తుంది. అది అదృష్టం కాదు, చూపించాల్సిన జబ్బు.

మా పిల్లకు అద్దాలిచ్చారు, కానీ పెట్టుకోవడం లేదు. ఏం చేయాలి?

తిట్టకండి. ఎందుకు పెట్టుకోవడం లేదో కనుక్కోండి. ఒక్కోసారి ఫ్రేమ్ వదులై ముక్కు మీదికి జారుతుంది, ఒక్కోసారి చెవి వెనక ఒరుసుకుని పుండవుతుంది, ఇవి పది నిమిషాల్లో సరిచేయొచ్చు. ఒక్కోసారి క్లాసులో ఎవరో ‘సోడాబుడ్డి’ అంటారు. ఆడపిల్లలకు ఇంకో గోల. ‘అద్దాల పిల్లను ఎవడు చేసుకుంటడు బిడ్డా’ అని ఇంట్లో ముసలామె ఒక్క మాట అంటే చాలు, ఆ అద్దాలు బ్యాగు అడుగున టిఫిన్ డబ్బా కింద నలిగిపోతాయి. అందుకే ఫ్రేమ్ పిల్లల చేతే ఎంపిక చేయిస్తాం. ట్రే నిండా రంగురంగులవి పెట్టి అద్దం చేతికిచ్చి తీరిగ్గా చూసుకోమంటాం. తనకు తాను నచ్చి తీసుకున్న ఎర్ర ఫ్రేమ్‌ను పిల్ల దాచుకోదు, పెట్టుకుని తిరుగుతుంది.

అద్దాలు విరిగితే దాచిపెట్టకుండా సారుకు చెప్పమనండి, మళ్లీ చేయిస్తాం, ఎందుకు విరిగిందని అడగం. నంబర్ ప్రతి ఏడాదీ మారొచ్చు, కాబట్టి ప్రతి ఏడాదీ చూపించాల్సిందే.

మా ఊళ్లో పిల్లలకు గారపళ్లు. మీరేమైనా చేయగలరా?

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు నుంచి ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన బోర్లలో చాలాచోట్ల అంతకు మించి ఉండేది, తరాలకు తరాలు ఆ నీళ్లే తాగి పళ్లు, ఎముకలు పోగొట్టుకున్నాయి. శివన్నగూడెం అంశల స్వామి గురించి వినని వాళ్లు ఈ జిల్లాలో ఉండరు. ఫ్లోరైడ్ బాధితుల గొంతుగా బతికిన ఆయన 2023 జనవరిలో పోయారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే అంటారు, నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేసింది. మన జిల్లాకు పేరు అలా రావడం బాధే.

ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా పిల్లలు బోరు నీళ్లు తాగడం పూర్తిగా పోలేదు. నల్లా రాని రోజు ఒకటుంటుంది, చేను దగ్గర దాహమేస్తే పక్కనే బోరు ఉంటుంది, బడిలో ట్యాంకు ఏ నీళ్లతో నింపుతున్నారో ఎవరూ అడగరు. మేం చేసేది ఆ అడగడం. బడిలో, అంగన్‌వాడీలో తాగే నీళ్లు పరీక్ష చేయించి ఫలితం గోడ మీద రాయిస్తాం, ఎక్కువుంటే పంచాయతీకి కాగితం పెట్టి పని అయ్యేదాకా తిరుగుతాం.

పళ్ల మీద మచ్చ వచ్చాక నీళ్లు మార్చితే పోదు, పన్ను ఏర్పడే వయసులోనే అది పడుతుంది. కాబట్టి మీ పెద్దపిల్లకు వచ్చిందని ఊరుకోవద్దు, చిన్నదాన్ని కాపాడుకోవాలి. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా నీళ్ల విషయంలో గట్టిగా ఉండండి. పాలు, గుడ్డు, ఆకుకూర, ఉసిరి, జామ పెట్టండి, చిన్నపిల్లలకు డికాషన్, టీ అలవాటు చేయొద్దు, టీ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే పెద్దపిల్లలకు మచ్చలు కనిపించకుండా చేయడం పళ్ల డాక్టర్ల చేతిలో ఉంది, హైస్కూల్ ఆడపిల్లలు, మగపిల్లలు ఎవరు అడిగినా తీసుకెళ్తాం.

దసరా దాటాక మేం పనికి పోతాం. పిల్లను వదిలిపెట్టి ఎట్లా పోవాలి?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి తల్లికీ ముందుగా చెప్పేది, మీరు చేస్తున్నది తప్పని మేం అనం. పాలమూరు నుంచి ముంబై, పుణె దాకా, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్ దాకా జనం మూటాముల్లె సర్దుకుని పోయేది సరదాకు కాదు. ఇక్కడ పని లేకనే, చేతిలో పైసలు లేకనే. కానీ పిల్ల మీతోపాటు వస్తే ఆ ఏడు చదువు పోతుంది. ఉగాదికి తిరిగొచ్చేసరికి తోటివాళ్లు ముందుకు పోయి ఉంటారు, పిల్లకు బడి మీద సిగ్గు, భయం పుడతాయి, మరుసటి ఏడు తానే పోనంటుంది. మా చుట్టూ చదువు మానేసిన పిల్లల్లో చాలామంది కథ ఇదే.

దారులు ఉన్నాయి. వలసలు ఎక్కువున్న చోట ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది, తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలు అక్కడుండి తమ బడికే పోతారు. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి, ఆరో తరగతి నుంచి హాస్టల్‌తో సహా. గురుకులాల్లో ఐదో తరగతికి పరీక్ష రాసి చేరొచ్చు, దానికి పిల్ల నాలుగులో ఉండగానే చలికాలంలో దరఖాస్తు పెట్టాలి. చాలామంది ఆ నెలల్లో ఊళ్లో ఉండరు కాబట్టి గడువు దాటిపోతుంది. అందుకే మేం బతుకమ్మ పండగ రోజుల్లోనే తండాలు తిరుగుతాం. అప్పుడైతే అందరూ ఇళ్ల దగ్గర ఉంటారు. ఆధార్, ఫొటోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ అప్పుడే తీసిపెట్టుకుంటాం, నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు మేమే వేస్తాం.

నానమ్మ, అమ్మమ్మ దగ్గర వదిలి పోయేవాళ్లకు ఇంకో ఏర్పాటు ఉంది. నెలకు రెండుసార్లు మా మనిషి ఒకరు ఇంటికి పోయి చూసొస్తారు. పిల్ల బడికి పోతున్నదా, ముసలామెకు జ్వరమేమైనా వచ్చిందా, ఇంట్లో బియ్యం ఉన్నాయా అన్నీ అడుగుతారు. వీడియో కాల్ చేసి అమ్మతో మాట్లాడిస్తారు. మా పనుల్లో దీనికి అయ్యే ఖర్చు అన్నిటికంటే తక్కువ, అయినా దీనివల్లే ఎక్కువమంది పిల్లలు బడిలో నిలబడుతున్నారని గట్టిగా చెప్పగలం.

పని దగ్గర నుంచి తిరిగొచ్చాం, బడిలో టీసీ అడుగుతున్నారు.

టీసీ లేదని పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు టీసీ ఆలస్యమైనా, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేకపోయినా ప్రవేశం ఆపడానికి లేదు, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. చాలామంది సార్లకు ఈ సంగతి తెలుసు, ముందు చేర్చుకుని తర్వాత కాగితాలు తెప్పిస్తారు. ఎక్కడైనా కుదరదంటే గొడవ పెట్టుకోకండి, మాకు చెప్పండి, ఒక మనిషి మీ వెంట ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు వస్తాడు.

పత్తి విత్తనాల చేలలో పిల్లలు పనిచేస్తుంటే ఎవరికి చెప్పాలి?

నడిగడ్డలో ఇది పెద్ద సమస్య, గద్వాల వైపు నుంచి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. క్రాసింగ్ పని అంటే సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున పుప్పొడి రుద్దడం. వేల పూలకు చేత్తో చేయాలి, సరిగ్గా బడి నడిచే నెలల్లో. పిల్లల కూలి తక్కువని వాళ్లను దించుతారు, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్స్ ఇచ్చి ఉంటారు. మందు కొట్టిన చేలో పొద్దున్నే తడి ఆకుల మధ్య తిరిగిన పిల్లకు తలనొప్పి, చర్మం మంట, వాంతులు వస్తే ఆశ్చర్యమేముంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో ఇలాంటి పని చేయించడం నేరం. 2016 సవరణ తర్వాత పనిలో పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, మీ పేరు బయటికి రానివ్వరు. చేను ఎక్కడుందో, ఎన్నింటికి పిల్లలు వస్తారో చెప్తే చాలు. ఆ తర్వాత పిల్ల మళ్లీ చేలోకి పోకుండా ఉండాలంటే ఆ అడ్వాన్స్ అప్పు సంగతి తేలాలి. మేం అడుగుపెట్టేది అక్కడే, తల్లిని పొదుపు సంఘంలో కలిపి ఆ అప్పు నుంచి బయటపడేలా చూస్తాం.

సైకిల్ కావాలంటే ఎవరు అర్హులు?

ఎనిమిది నుంచి పది దాకా చదివే ఆడపిల్లలు, ఇంటికి బడి దూరంగా ఉండి బస్సు లేని తండా అయితే ముందు వాళ్లకే. కొలత చూసి ఇస్తాం. సీటు ఎత్తు కాలికి అందాలి, వెనక క్యారియర్ ఉండాలి, ఎందుకంటే చెల్లినో పక్కింటి పిల్లనో ఎక్కించుకుని పోతారు. దగ్గరి ఊళ్లో పంక్చర్ షాపు వాళ్లతో ముందే మాట్లాడి ఏడాదికి సరిపడా రిపేరు డబ్బులు వాళ్ల దగ్గరే పెడతాం. ఇది లేకపోతే ఒక్క ట్యూబ్ పోయినందుకు సైకిల్ గోడకు చేరుతుంది, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. పదో తరగతి అయ్యాక సైకిల్ మాకు తిరిగివ్వక్కర్లేదు, ఇంటర్‌కు కూడా దాని మీదే పోవచ్చు.

స్కాలర్‌షిప్‌లు మీరే ఇస్తారా?

మా చేతి నుంచి ఇచ్చేది తక్కువ. ప్రభుత్వం ఇచ్చేది పిల్లకు చేరేలా చూడటంలో మాకు ఎక్కువ ఫలితం కనిపిస్తోంది. ఎన్ఎంఎంఎస్ అని ఒకటుంది, ఎనిమిదో తరగతిలో పరీక్ష రాస్తే, ఎంపికైన వాళ్లకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి, అంటే నాలుగేళ్లకు 48,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ప్రభుత్వ, ఎయిడెడ్, లోకల్ బాడీ బడుల్లో చదువుతూ ఉండాలి. హాస్టల్‌తో నడిచే గురుకులాలు, నవోదయ పిల్లలకు ఇది వర్తించదు.

పరీక్ష కంటే కాగితాలే ఎక్కువమందిని ఆపుతాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో వెనక. ఒకచోట పుట్టిన తేదీ జూన్, ఇంకోచోట జనవరి. బ్యాంకు ఖాతా తెరిచారు కానీ ఆధార్ లింక్ కాలేదు, పైసలు వెనక్కి పోయాయి. ఆరో తరగతిలోనే ఇవన్నీ సరిచేసుకుంటే ఎనిమిదిలో టెన్షన్ ఉండదు. మా దగ్గర రిటైరైన బ్యాంకు వాళ్లు, ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు ప్రతి ఆదివారం పొద్దున కూర్చుంటారు, పిల్లల కాగితాలు ఒక్కొక్కటి పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తారు. తప్పుంటే మీసేవకో ఆధార్ సెంటర్‌కో వెంట పోతారు. పరీక్షకు కోచింగ్ కూడా ఉంది, లెక్కలు, రీజనింగ్ మా టీచర్లే చెప్తారు, ఫీజు లేదు.

పదో తరగతి పిల్లలకు సాయంత్రం తిండి పెడతారా?

పెడతాం. స్పెషల్ క్లాసులు మొదలైనప్పటి నుంచి పరీక్షలయ్యే దాకా. మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రానికి అరిగిపోతుంది, ఆకలితో లెక్క బుర్రకెక్కదు. ఉడికించిన శనగ గుగ్గిళ్లు, పల్లీపట్టి, అరటిపండు, వారానికోసారి అటుకులు. బిస్కెట్ ప్యాకెట్లు తీసుకోం, దాతలు ఏమీ అనుకోవద్దు.

మా పక్కింటి పిల్లకు పదిహేనేళ్లకే పెళ్లి మాట్లాడారు.

వెంటనే చెప్పండి, ముహూర్తం దాకా ఆగొద్దు. లగ్గం పత్రిక పంచాక ఆపడం ఇంటి పరువు సమస్య అవుతుంది, మాటల దశలో అయితే కూర్చుని ఒప్పించొచ్చు. అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండకపోతే అది బాల్య వివాహమే, 2006 చట్టం ప్రకారం జరిపించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. మేం ముందు చట్టం మాట తీయం. పద్దెనిమిది నిండితేనే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు వస్తాయని, పిల్ల ఇంటర్ అయ్యాక నర్సింగో డిప్లొమానో చేస్తే ఏమవుతుందో, ఆ ఊళ్లోనే అలా చదివిన అమ్మాయిని వెంటబెట్టుకుని పోయి చెప్పిస్తాం. వినకపోతే 1098, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, పోలీసులు. అక్కడ వెనక్కి తగ్గం.

ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఇస్తారా?

ఇస్తాం, మా ఆడ సభ్యులే చూసుకుంటారు. కానీ బాత్రూంలో నీళ్లు లేకుండా, తలుపుకు గడియ లేకుండా ప్యాడ్ ఇచ్చి లాభం లేదు. ముందు గడియ, నల్లా, మూత ఉన్న బకెట్. తర్వాతే ప్యాడ్లు.

రక్తదానం క్యాంపుకు పిల్లలకు సంబంధం ఏంటి?

తలసేమియా (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్లూ. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు, దాతలు దొరకరు, ఆ పిల్లల తండ్రులు ఆస్పత్రుల వెంట పరుగులు పెడతారు. అందుకే మా క్యాంపులు ఏప్రిల్, మే నెలల్లో ఉంటాయి. పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ల లోపు, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. పెళ్లికి ముందో గర్భం వచ్చిన మొదట్లోనో హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించుకుంటే ఇద్దరికీ తలసేమియా లక్షణం ఉందో లేదో తెలుస్తుంది, దయచేసి చేయించుకోండి.

డబ్బులిస్తే ఎటు పోతాయో ఎలా తెలుస్తుంది?

మాకు రెండు బ్యాంకు ఖాతాలున్నాయి. సభ్యుల చందా ఒకదాంట్లో పడుతుంది, మీటింగులు, టీ, స్టేషనరీ, ఆడిట్ ఖర్చు దాంట్లోంచే. దాతలిచ్చింది రెండోదాంట్లో, దాంట్లోంచి ఒక్క రూపాయి కూడా మా టీకి తీయం. లెక్కలు ప్రతి మూడు నెలలకు ఆఫీసు గోడ మీద అంటిస్తాం, ఎవరైనా వచ్చి బిల్లులు అడిగి చూడొచ్చు. పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు ఇస్తాం. రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకండి, ఆ మొత్తానికి పన్ను మినహాయింపు రాదు, చెక్కో ఆన్‌లైనో చేయండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే 80జీ వర్తిస్తుంది, ఇది కూడా ముందే చెప్తున్నాం.

పాత బట్టలు, బొమ్మలు తీసుకుంటారా? మా బాబు పుట్టినరోజు హాస్టల్లో చేసుకోవచ్చా?

వాడిన బట్టలు తీసుకోం. కథల పుస్తకాలు చిరగనివైతే సంతోషంగా తీసుకుంటాం. పుట్టినరోజు మీ ఇంట్లోనే చేసుకోండి. తల్లీతండ్రీ పక్కన నిలబడి కేక్ తినిపిస్తుంటే వరసలో కూర్చుని చూసే పిల్లల మనసు ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు పేరున హాస్టల్‌కు గుడ్లు, పండ్లు పంపండి, వార్డెన్ మామూలుగా వడ్డిస్తారు. ఆగస్టు 15న మాత్రం వద్దు, ఆ రోజు అందరూ తెస్తారు, మిగిలిపోతాయి. సెప్టెంబర్‌లో ఎవరూ రారు, అప్పుడు పంపండి.

మేం సాయం చేసిన పిల్ల ఫొటో పంపండి.

పంపం. ఎంత పెద్ద మొత్తం ఇచ్చినా పంపం. పిల్ల ఇంట్లో పరిస్థితి, జబ్బు, పేరు మా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టం. ఆదుకోవాల్సిన స్థితిలో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం కూడా చెప్తోంది. ఏ బడిలో ఎన్ని సైకిళ్లు నడుస్తున్నాయి, ఎందరు తర్వాతి తరగతికి పోయారు, ఈ లెక్క పంపుతాం. పిల్లతో విడిగా మాట్లాడటం, కారులో తీసుకెళ్లడం, నంబర్ తీసుకోవడం దాతలకే కాదు, మా సభ్యులకు కూడా లేదు. పిల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లం ఉండాలి. ఎవరి ప్రవర్తన మీద అనుమానం వచ్చినా పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, లోపల లోపల సర్దుకునే మాటే లేదు.

మాకు పిల్లల్లేరు. తండాల్లో ఎవరైనా ఆడపిల్లను ఇస్తామంటే ఇప్పిస్తారా?

మీ బాధ మాకు అర్థమవుతుంది, కానీ ఆ దారిలో మేం రాం, మీరూ పోవద్దు. అలా చేతులు మార్చడం నేరం, దేవరకొండ ప్రాంతం దీనివల్ల ఎంత నొచ్చుకుందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. దత్తత కావాలంటే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ ‘కారా’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, లేదా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి, అక్కడ చెప్తారు. ఎదురుచూడాల్సి వస్తుంది, అయినా బిడ్డ చట్టప్రకారం మీదవుతుంది. అలాగే, పుట్టిన బిడ్డను పెంచలేమనుకునే తల్లి ఎవరైనా ఉంటే శిశుగృహలో అప్పగించొచ్చు, ఎవరూ ఆమెను దోషిలా చూడకూడదు.

సభ్యులుగా చేరాలంటే?

ముందు మూడు నెలలు వాలంటీర్‌గా తిరగండి. మాతో ఒక తండాకు రండి, ఒక ఆదివారం కాగితాల దగ్గర కూర్చోండి. నచ్చితే చేరండి. చందా ఉంది, కట్టలేని కాలేజీ పిల్లలకు అక్కర్లేదు. ఎన్నికల రోజుల్లో క్లబ్ పేరు మీద ఏ పార్టీ కండువా వేసుకోకూడదు, ఇది ఒక్కటే షరతు.

మా పిల్లకు సాయం కావాలి, ఎలా అడగాలి?

ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు మధ్య ఆఫీసుకు రండి, లేదా మీ బడి సారుతో చెప్పించండి. పిల్లను వెంటబెట్టుకుని రావాల్సిన అవసరం లేదు. పిల్ల ఆధార్, రేషన్ కార్డు జిరాక్స్‌లు, బడి నుంచి బోనఫైడ్ ఉంటే తెండి, లేకపోయినా రండి. అర్జీ రాయడం రాకపోతే మేం రాస్తాం, మీరు చెప్పండి చాలు. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. వారం లోపల మా మనిషి మీ ఇంటికి వస్తారు, అవునో కాదో అదే వారంలో చెప్తాం. పిల్ల ఇప్పటికే బడి మానేసి ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి.